విరుగుడుకి ఇంగ్లీషులో ఏమంటారు?

"మా అబ్బాయి ఏడో తరగతి, ఇంగ్లీషు మీడియం. వాడి సైన్సు పుస్తకంలో 'న్యూట్రలైజ్' అని ఉంది. మా అత్తగారిని చూసిన డాక్టరుగారు ఒక మాత్ర రాసి, ఇంకో మాత్ర వల్ల వచ్చే ఇబ్బందిని 'కౌంటరాక్ట్' చేయడానికి ఇది అన్నారు. మా వారు పేపరు చదువుతూ 'ఆఫ్‌సెట్' అన్నారు. డిక్షనరీ తీసి చూస్తే మూడింటికీ ఇంచుమించు ఒకటే అర్థం కనిపిస్తోంది. నేను తెలుగు మీడియంలో చదువుకున్నదాన్ని. పిల్లవాడు అడిగితే ఏమని చెప్పను?" అని ఒక సోదరి ఉత్తరం రాశారు.

తెలుగు మీడియం అని అంత చిన్నబుచ్చుకోవాల్సిన పని లేదండీ. నిజానికి ఈ మాట విషయంలో తెలుగు మీడియం వాళ్ళకే లాభం! మీరు హైస్కూల్లో 'తటస్థీకరణం' అని చదివే ఉంటారు. తటం అంటే గట్టు. తటస్థుడు అంటే గట్టు మీద నిలబడ్డవాడు, ఏటిలో అటు గానీ ఇటు గానీ కొట్టుకుపోనివాడు. ఇంగ్లీషు 'న్యూట్రల్' కూడా అచ్చం అలాంటిదే. లాటిన్‌లో 'న్యూటర్' అంటే 'రెండింట్లో ఏదీ కాదు' అని. కారు న్యూట్రల్లో ఉందంటే ముందుకూ పోదు, వెనక్కూ పోదు. కాబట్టి 'న్యూట్రలైజ్' అంటే ఒక వస్తువుకున్న గుణాన్ని అటూ ఇటూ కాకుండా చేసేయడం. ఆ గుణం ఇక మిగలదు.

ఇది పుస్తకంలో చదివితే బుర్రకెక్కదు. కళ్ళతో చూడాలి. దానికి లేబరేటరీ అక్కర్లేదు, పెళ్ళిళ్ళలో మనం ఇచ్చే ఎర్రనీళ్ళ హారతి చాలు. పళ్ళెంలో నీళ్ళు పోసి, పసుపు వేసి, చిటికెడు సున్నం కలిపితే నీళ్ళు ఎర్రబడతాయి కదూ! సున్నం క్షారం, పసుపు క్షారం తగిలితే ఎర్రగా మారుతుంది. ఇప్పుడు ఆ ఎర్రనీళ్ళలో నిమ్మరసం చుక్కచుక్కగా పిండండి. కాసేపు ఏమీ కాదు. పడిన చోట పసుపుపచ్చగా అయినా, కలియబెట్టగానే మళ్ళీ ఎరుపే. అలా పిండుతూ ఉంటే ఒక దగ్గర ఎరుపంతా పోయి నీళ్ళు పూర్తిగా పసుపుపచ్చ అయిపోతాయి. సున్నంలోని క్షారాన్ని నిమ్మలోని ఆమ్లం సరిపుచ్చేసిందన్నమాట. 'ది లెమన్ జ్యూస్ న్యూట్రలైజ్డ్ ది లైమ్' అంటే ఇదే. (ఇంగ్లీషులో 'లైమ్' అంటే సున్నం, 'లైమ్' అంటే నిమ్మకాయ కూడా! అందుకే ఈ వాక్యంలో నిమ్మకాయని 'లెమన్' అన్నాను.) పిల్లవాడికి ఒక్కసారి ఇది చేసి చూపించండి, ఇక జన్మలో మర్చిపోడు. సున్నం మాత్రం మీ చేత్తోనే వేయండి, వాడి చేతికివ్వకండి. ఎందుకో తర్వాత చెబుతాను.

మరి 'కౌంటరాక్ట్' సంగతి? 'కౌంటర్' అంటే ఎదురు, 'యాక్ట్' అంటే పని చేయడం. ఎదురుగా నిలబడి పని చేయడం. మనవాళ్ళు "వాడు భలే కౌంటర్ వేశాడు" అంటారే, ఆ కౌంటరే. బియ్యం కొట్లో కౌంటరు వేరు, అది లెక్కపెట్టడం అనే మాటలోంచి వచ్చింది. కౌంటరాక్ట్ చేసినప్పుడు అవతలిది మాయమైపోదు. అది అక్కడే ఉంటుంది, దాని జోరు తగ్గుతుంది, అంతే.

ఈ తేడా వంటింట్లో మనం రోజూ చూసేదే. పులుసులో చింతపండు ఎక్కువైంది అనుకోండి. బెల్లం ముక్క వేస్తాం. పులుపు ఎక్కడికీ పోలేదు, చుక్క తగ్గలేదు. తీపి ఎదురుగా నిలబడేసరికి నాలుకకి తగ్గినట్టు అనిపిస్తుంది. 'జాగరీ కౌంటరాక్ట్స్ ది సోర్ టేస్ట్'. అదే పులుసులో చిటికెడు వంటసోడా వేస్తే బుసబుసా పొంగుతుంది. అప్పుడు పులుపు నిజంగానే కొంత పోతుంది. అది న్యూట్రలైజ్. బాగా పులిసిన ఇడ్లీపిండిలో సోడా వేసినప్పుడూ అంతే. పులుపు విరుగుతుంది, వచ్చిన గ్యాస్‌కి పిండి పొంగుతుంది. అలాగని ప్రతిదానికీ సోడా డబ్బా తీయకండి. ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది, పప్పులోని బి-వన్ విటమిన్ కూడా దెబ్బ తింటుంది. పులుసుకి బెల్లమే మేలు, రుచికి రుచీ!

కారం ఎక్కువై నోరు మండితే నీళ్ళు తాగినా లాభం ఉండదని మనకి తెలుసు. మిరపకాయలోని ఘాటు నీళ్ళలో కరిగే రకం కాదు. పెరుగన్నం తింటే పాలలోని ప్రొటీన్ ఆ ఘాటుని పట్టుకుని నాలుక మీదనుంచి లాగేస్తుంది. ఇది కూడా కౌంటరాక్టే.

పోతే ఉప్పు. సాంబారులో ఉప్పు ఎక్కువైతే బంగాళాదుంప వేయమంటారు. దుంప కాస్త సాంబారు పీల్చుకుంటుంది, దానితోపాటు కాస్త ఉప్పూ పోతుంది. మిగిలిన సాంబారు మాత్రం అంతే ఉప్పగా ఉంటుంది. ఉప్పుని న్యూట్రలైజ్ చేసే వస్తువు వంటింట్లో ఏదీ లేదు. ఉండదు కూడా! ఆమ్లమూ క్షారమూ కలిసి ఒకదాన్నొకటి విరిచేసుకున్నాక మిగిలేదే లవణం. ఉప్పు అప్పటికే గట్టు మీద కూర్చున్న మనిషి. ఇక దాన్ని ఏం చేయగలం? నీళ్ళో, ఉడికించిన పప్పో కలిపి పలచన చేయడమే. దానికి మాట 'డైల్యూట్'.

ఇప్పుడు మందుల దగ్గరికి వద్దాం. కడుపులో మంటకి వాడే తెల్లటి సిరప్ చాలామంది ఇళ్ళలో ఉంటుంది. దాని మీద మామూలుగా రెండు పేర్లు కనిపిస్తాయి. అల్యూమినియం హైడ్రాక్సైడ్, మెగ్నీషియం హైడ్రాక్సైడ్. రెండూ క్షారాలే. కడుపులో అప్పటికే ఊరిన ఆమ్లాన్ని న్యూట్రలైజ్ చేస్తాయి. అందుకే తాగిన కాసేపటికే హాయిగా ఉంటుంది, కొన్ని గంటలయ్యాక మళ్ళీ మంట మొదలవుతుంది. ఊరినదాన్ని విరిచిందే గానీ ఊరకుండా ఆపలేదు కదా! డాక్టర్లు పొద్దున్నే టిఫినుకి ముందు వేసుకోమనే పాంటొప్రజోల్, ఒమెప్రజోల్ వేరే రకం. అవి అసలు ఆమ్లం ఊరడాన్నే తగ్గిస్తాయి. ఇంగ్లీషులో దీనికి 'రెడ్యూస్' అనో 'సప్రెస్' అనో అంటారు, న్యూట్రలైజ్ అనరు.

ఆ సిరప్‌లో రెండు క్షారాలు ఎందుకు? ఒకటి చాలదా? ఇక్కడే ఉంది తమాషా. అల్యూమినియంది మలబద్ధకం చేసే గుణం. మెగ్నీషియంది విరేచనాలు చేసే గుణం. రెండూ కలిపితే ఒకదాని గుణానికి ఇంకొకటి ఎదురు నిలబడుతుంది. అంటే ఒకే సీసాలో, ఆమ్లం మీద న్యూట్రలైజ్, ఒకదాని మీద ఒకటి కౌంటరాక్ట్! అత్తగారి డాక్టరుగారు అన్నది కూడా ఇలాంటిదే. మొదటి మాత్ర తన పని తాను చేస్తుంది, అది పెట్టే ఇబ్బందికి రెండో మాత్ర అడ్డు పడుతుంది. ఆ రెండో మాత్ర మానేస్తే ఇబ్బంది మళ్ళీ తలెత్తుతుంది. కాబట్టి "ఇప్పుడు బాగానే ఉందిగా" అని మనంతట మనం ఒకటి ఆపేయకూడదు, డాక్టరుగారిని అడిగే ఆపాలి.

ఒక మంచి పని ఇంకో మంచి పనికి ఎదురు తిరగడం కూడా ఉంది. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు, ఐరన్ మాత్ర వేసుకునేవాళ్ళు ఈ తెల్ల సిరప్‌ని వాటితోపాటే తాగితే మాత్ర ఒంటికి సరిగ్గా పట్టదు. థైరాయిడ్ మాత్రకీ దీనికీ మధ్య నాలుగు గంటలు ఎడం ఉండాలి. ఐరన్ మాత్ర వేసుకుని వెంటనే టీ తాగడం మనవాళ్ళలో చాలామందికి అలవాటు. అదీ అంతే. టీలోని వగరు ఐరన్‌ని పట్టకుండా చేస్తుంది. టీ బదులు నిమ్మరసం తాగండి, ఐరన్ బాగా పడుతుంది.

ఇప్పుడు ఇందాక సున్నం గురించి ఆగిన మాట. 'న్యూట్రలైజ్' అర్థం కొత్తగా తెలిసినవాళ్ళకి ఒక ఆలోచన రావడం సహజం. యాసిడ్‌కి విరుగుడు సోడా, సున్నానికి విరుగుడు నిమ్మరసం... మరి బాత్‌రూమ్ కడిగే యాసిడ్ పొరపాటున పిల్లలు తాగితే సోడానీళ్ళు పట్టిస్తే సరిపోదా? కంట్లో సున్నం పడితే నిమ్మరసం పిండితే సరిపోదా? పరీక్షలో రాస్తే మార్కులు వస్తాయేమో గానీ, ఇంట్లో చేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

ఎందుకంటే, ఆమ్లమూ క్షారమూ కలిసినప్పుడు వేడి పుడుతుంది. పళ్ళెంలో అంత పలచన నీళ్ళలో ఆ వేడి మనకి తెలియలేదు. గాఢమైన యాసిడ్‌తో అయితే ఆ వేడికి మెత్తటి కండ మీద కాలిన చోటే మళ్ళీ కాలుతుంది. సోడా అయితే పైగా గ్యాస్ కూడా వస్తుంది. అప్పటికే యాసిడ్‌కి దెబ్బ తిన్న కడుపు గోడ ఆ ఉబ్బరానికి చిల్లు పడే ప్రమాదం ఉంది. అందుకని యాసిడ్ తాగినవాళ్ళకి విరుగుడు అంటూ ఇంట్లో ఏమీ పట్టించకండి. ఉప్పునీళ్ళు పోసి వాంతి అసలే చేయించకండి. దిగేటప్పుడు కాల్చింది పైకి వచ్చేటప్పుడు మళ్ళీ కాలుస్తుంది. నోరు నీళ్ళతో పుక్కిలించి ఉమ్మించి, ఆ సీసా కూడా చేతపట్టుకుని, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. 108కి ఫోన్ చేయండి.

ఒంటి మీద పడితే, బట్టలు తీసేసి, ధారగా నీళ్ళు పోస్తూ ఉండాలి. ఒక చెంబు పోసి ఆపేయడం కాదు, గడియారం చూసుకుని కనీసం ఇరవై నిమిషాలు. సున్నం కంట్లో పడినా అంతే. పసిపిల్లలు తాతగారి సున్నపు డబ్బాతో, సున్నం పొట్లాలతో ఆడుకుంటూ నొక్కితే చివాల్న కంట్లో పడుతుంది. క్షారం కంటికి యాసిడ్ కన్నా మొండిది, లోపలికి తొలుచుకుంటూ పోతుంది. నిమ్మరసం, పాలు, నూనె ఏవీ వద్దు. కన్ను తెరిచి పట్టుకుని మంచినీళ్ళ ధార పోస్తూ పోస్తూ, ఆ తర్వాత కంటి డాక్టరు దగ్గరికి. ఇక్కడ నీళ్ళు న్యూట్రలైజ్ చేయవు. పలచన చేస్తాయి, కడిగేస్తాయి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మనకి కావలసిన మాట 'డైల్యూట్'.

ఇంకొకటి కూడా చెప్పాలి. బాత్‌రూమ్‌లో యాసిడ్ పోసి, మరకలు ఇంకా బాగా పోతాయని దాని మీదే బ్లీచింగ్ పౌడర్ చల్లేవాళ్ళున్నారు. ఇవి ఒకదాన్నొకటి విరుచుకోవు. కలిసి క్లోరిన్ గ్యాస్ వదులుతాయి. మూసి ఉన్న చిన్న గదిలో అది పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఏదో ఒకటే వాడండి, తలుపు తీసి ఉంచండి. ఘాటు వాసన వస్తే శుభ్రం చేయడం సంగతి తర్వాత, ముందు బయటికి రండి.

పాము కరిచినప్పుడు ఇచ్చే ఇంజక్షన్ మాత్రం నిజమైన న్యూట్రలైజే. 'యాంటీ వెనమ్ న్యూట్రలైజెస్ ది వెనమ్'. మన దేశంలో వాడే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటి విషాన్నీ విరుస్తుంది. కానీ రక్తంలో తిరుగుతున్న విషాన్నే అది విరవగలదు. విషం అప్పటికే చేసేసిన నష్టాన్ని వెనక్కి తేలేదు. పసరు మందు కోసం తిరిగిన గంట ఎంత ఖరీదైనదో దీన్నిబట్టే అర్థమవుతుంది. పసరు మందునీ మనం విరుగుడు అనే అంటాం, ఇంజక్షన్నీ విరుగుడు అనే అంటాం. ఇంగ్లీషువాళ్ళు విడదీసి చెప్పేది మన మాటలో కలిసిపోయింది. అన్నట్టు, 'విరుగుడు' మంచి మాట. విరగడంలోంచి వచ్చింది. పాలు విరిగాయి అంటామే, అదే!

వాడుకలో జాగ్రత్తలు కొన్ని. న్యూట్రలైజ్, కౌంటరాక్ట్ రెండింటికీ పక్కనే సూటిగా వస్తువు పేరు రావాలి. మనవాళ్ళు 'కౌంటరాక్ట్ అగెనెస్ట్ ది పాయిజన్' అంటుంటారు. 'ఎదురు' అనే మాట లోపలే ఉంది, మళ్ళీ 'అగెనెస్ట్' ఎందుకు? 'కౌంటరాక్ట్ ది పాయిజన్' చాలు. పలికేటప్పుడు 'యాక్ట్' దగ్గర ఒత్తి పలకాలి. పేపర్లలో సైన్యం వాళ్ళు "టెర్రరిస్టులు న్యూట్రలైజ్ అయ్యారు" అన్నారంటే చాలాసార్లు చంపేశారని అర్థం. చంపడం అనే మాట చెవికి కటువుగా ఉంటుందని సైన్సు మాట తెచ్చి కప్పారు. నాకు ఆ వాడుక నచ్చదు గానీ, చదివేటప్పుడు తెలిసి ఉండాలి కాబట్టి చెప్పాను.

ఇక మీ వారి 'ఆఫ్‌సెట్'. ఇది లెక్కల మాట. ఒక చోట పోయిందానికి ఇంకో చోట వచ్చింది సరిపోయింది అని. గ్యాస్ బండ ధర పెరిగింది, మీరు పప్పూ అన్నమూ కుక్కర్లో ఒకేసారి పెట్టి బండని ఇంకో వారం ఎక్కువ రోజులు లాగారు. 'ది హయ్యర్ ప్రైస్ వజ్ ఆఫ్‌సెట్ బై ది సేవింగ్'. ధర తగ్గలేదు, దానికి ఎవరూ ఎదురు నిలబడలేదు. మీ ఖర్చు పుస్తకంలో మాత్రం కింద లెక్క సరిపోయింది. ఈ క్రియకి భూతకాలం కూడా 'ఆఫ్‌సెట్టే'. 'ఆఫ్‌సెట్టెడ్' అనకూడదు. శుభలేఖలు అచ్చువేసే ఆఫ్‌సెట్ ప్రెస్సుకీ దీనికీ సంబంధం లేదు. అక్కడ అచ్చు ముందు రబ్బరు మీద పడి, దాని మీదనుంచి కాగితం మీద పడుతుంది కాబట్టి ఆ పేరు.

పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఈ నాలుగు వాక్యాలూ పూర్తి చేయండి. ఖాళీలో న్యూట్రలైజ్, కౌంటరాక్ట్, ఆఫ్‌సెట్, డైల్యూట్, వీటిలో ఏది సరిపోతుందో చూడండి.

ఒకటి: చీమ కుట్టిన చోట తడిపిన వంటసోడా రాస్తే ఆ ఆమ్లాన్ని ____ చేస్తుందని మీ పిల్లవాడి పాఠంలో ఉంటుంది.

రెండు: రాత్రి నిద్ర లేక వచ్చిన మత్తుని ____ చేయడానికి నాన్నగారు రెండో కాఫీ అడుగుతారు.

మూడు: మజ్జిగ చిక్కగా ఉంది, చుట్టాలు నలుగురు ఎక్కువ వచ్చారు, అమ్మ మజ్జిగని ____ చేసింది.

నాలుగు: కూరగాయల ధర పెరిగినా, పెరట్లో కాసిన బీరకాయలు ఆ ఖర్చుని ____ చేశాయి.

జవాబులు వరసగా న్యూట్రలైజ్, కౌంటరాక్ట్, డైల్యూట్, ఆఫ్‌సెట్. రెండోదాంట్లో న్యూట్రలైజ్ అని రాసిన పిల్లవాడు ఉంటే, నాన్నగారు కాఫీ తాగాక కూడా ఎలా ఆవలిస్తున్నారో చూపించండి!

వచ్చే వారం 'ప్రివెంట్', 'అవాయిడ్' మాటల మధ్య తేడా చూద్దాం.